ట్యాంకు వెడల్పు 18 అంగుళాలు, చేప పొడవు 21

మా హాల్లో టీవీ పక్కన నాలుగడుగుల ఫిష్ ట్యాంకు ఉండేది. పొడవు 48 అంగుళాలు, వెడల్పు 18, ఎత్తు 18. మొన్న కార్తీకమాసంలో ఒక సాయంత్రం మా అబ్బాయి స్కూలు స్కేలు తెచ్చి, అద్దానికి ఆనించి, లోపలున్న చేపను కొలిచాడు. స్కేలు చాలక వేలితో గుర్తు పెట్టుకుని మళ్ళీ కొలిచాడు. "అమ్మా, రాకెట్ 21 అంగుళాలుంది" అన్నాడు. తర్వాత ట్యాంకు పక్కవైపు వెళ్ళి నిలబడి, "వెడల్పు పద్దెనిమిదేగా, మరి ఇదెలా తిరుగుతోంది?" అన్నాడు.

ఎలా తిరుగుతోందో నాకు తెలుసు, రోజూ చూస్తూనే ఉన్నాను. అద్దం దాకా వచ్చి, ముక్కు రాసుకుంటూ, ఒళ్ళంతా విల్లులా వంచి, తోక అవతలి అద్దానికి తగులుతుంటే మెల్లగా మళ్ళుతుంది. ఆ వంపు నాకు ఇన్నాళ్ళూ అందంగా కనిపించింది. ఇంటికి వచ్చిన చుట్టాలను పిలిచి చూపించాను కూడా. ఆ సాయంత్రం తర్వాత మళ్ళీ ఆ వంపు వైపు చూడలేకపోయాను.

ఇంట్లో పెరిగిన చేప ట్యాంకుకు మించిపోతే దాన్ని పంపించెయ్యాలి. అందులో తప్పు లేదు, ఓటమి లేదు. కానీ ఎక్కడికి పంపుతున్నామన్న బాధ్యత మాత్రం పూర్తిగా పెంచినవాళ్ళదే. ఊరి చెరువు దానికి ఇల్లు కాదు. మరొకరి హాల్లో మనకంటే ఒక అడుగు పెద్ద ట్యాంకు కూడా ఇల్లు కాదు. ఈ రెండు మాటలూ నాకు నాలుగు నెలలు తిరిగాక గానీ గట్టిగా తెలియలేదు.

రాకెట్ మా ఇంటికి వచ్చేటప్పటికి రెండంగుళాలు. మా అబ్బాయికి అప్పుడు ఆరేళ్ళు. కూకట్‌పల్లిలో మా ఇంటి దగ్గర షాపులో "షార్క్ పిల్లలు" అని చూపించారు. వెండి రంగు మీద నల్లటి చారలు, పైన చిన్న రెక్క, ఒక్కచోట నిలవకుండా గుంపుగా దూసుకుపోవడం. ఆరేళ్ళ పిల్లాడికి ఇంకేం కావాలి? మూడు తెచ్చుకున్నాం. "ఎంత పెరుగుతాయి?" అని నేను అడిగాను. ఆ మాట అడిగానని నాకు బాగా గుర్తు. "ట్యాంకును బట్టి పెరుగుతాయి మేడమ్" అన్నారు. నేను నమ్మాను. మొదటి ఏడాదిలోనే రెండు చచ్చిపోయాయి. మిగిలినదాని కోసం రెండడుగుల ట్యాంకు తీసేసి నాలుగడుగులది కొన్నాం. దాంతో మా పని అయిపోయిందనుకున్నాం.

ఆ "షార్క్" సొరచేప కాదు, సముద్రంలోదీ కాదు. ఆగ్నేయాసియాలో మెకాంగ్, చావ్ ఫ్రయా నదుల్లో బతికే ఒక రకం జెల్ల. శాస్త్రీయనామం పంగాసియానోడాన్ హైపోఫ్తాల్మస్. నదిలో నాలుగడుగులు దాటి పెరుగుతుంది, 40 కిలోల పైన తూగినవి కూడా ఉన్నాయి. వానాకాలంలో గుడ్లు పెట్టడానికి వందల కిలోమీటర్లు ఎదురీదుతుంది. పుట్టిన నదుల్లో అది ఇప్పుడు అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జీవుల పట్టికలో ఉంది. గుంపులో బతికే చేప కాబట్టి ఒంటరిగా ఉంటే బెదురుతుంది. చూపు అంతంతమాత్రం. లైటు వేసినా, తలుపు దభీమన్నా అద్దానికేసి కొట్టుకుంటుంది. రాకెట్ ముక్కు మీద తెల్లటి మచ్చ ఒకటి ఉండేది, మానేలోపే మళ్ళీ లేచేది. దాని అర్థం మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

"ట్యాంకును బట్టి పెరుగుతుంది" అనే మాట గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చేపల విషయంలో ఇంతకంటే హాని చేసిన మాట ఇంకోటి లేదని నా నమ్మకం. ఇరుకు ట్యాంకులో చేప చిన్నగా మిగిలిపోవడం నిజమే. కానీ అది చోటు చూసుకుని సర్దుకోవడం కాదు, ఎదుగుదల దెబ్బతినడం. చేప మొప్పల ద్వారా అమోనియా వదులుతుంది. ఫిల్టర్‌లోని బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ నైట్రేట్ పోవాలంటే నీళ్ళు మార్చడమే ముఖ్యమైన దారి. చేప పెద్దదయ్యేకొద్దీ మేత పెరుగుతుంది, మురికి పెరుగుతుంది, నీళ్ళు మాత్రం అవే. మా ట్యాంకులో పట్టేవి 250 లీటర్లు. చివరి రెండేళ్ళూ ప్రతి ఆదివారం సగం నీళ్ళు తీసి, బకెట్ల కొద్దీ మోసి, యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి నింపేవాళ్ళం. ఎండాకాలం మా అపార్ట్‌మెంటుకు ట్యాంకర్లు వచ్చే రోజుల్లో కూడా మానలేదు. అయినా గురువారం కల్లా నీళ్ళు పసుపురంగుకు తిరిగేవి. అలాంటి నీళ్ళలో, కదలడానికి చోటు లేకుండా, చేప ఎదగకుండా ఉండిపోతుంది. కొన్నిటికి వెన్ను వంకరపోతుంది. దాన్ని మనం "చూశావా, ట్యాంకుకు సరిపడా పెరిగింది" అని చెప్పుకుంటాం.

పంపించెయ్యాలని అనుకున్నాక మొదట వచ్చిన సలహా పక్క ఫ్లాట్ పిన్నిగారిది. "ఐడీఎల్ చెరువు దగ్గరే కదమ్మా, అందులో వదిలెయ్యండి. పుణ్యం కూడా." ఆవిడ మంచి మనసుతోనే అన్నారు. మనకు నీళ్ళలో వదలడం అంటే సాగనంపడమే కదా. నవరాత్రులు పూజించిన వినాయకుణ్ణి నీళ్ళలోనే వదులుతాం. దీపాలు నీళ్ళలోనే వదులుతాం. బోనులో ఉన్నదాన్ని వదిలేస్తే పుణ్యమని చిన్నప్పటి నుంచీ విన్నాం.

నేనూ ఒకసారి అలాగే వదిలాను. ఇది చెప్పడానికి నాకు కష్టంగా ఉంది. పెళ్ళయిన కొత్తలో మాకు ఒక చిన్న ట్యాంకు ఉండేది. అందులో పాచి తింటుందని "ట్యాంక్ క్లీనర్" ఒకటి వేశాం. అద్దానికి నోరు ఆనించుకుని అతుక్కుని ఉంటుంది చూశారా, అది. అడుగు పొడవు పెరిగాక ఏం చెయ్యాలో తెలియక ఒక చెరువులో వదిలి, అది లోపలికి జారుకుంటుంటే సంతోషపడి ఇంటికొచ్చాం. దాన్నే ఇప్పుడు మన పేపర్లు "దెయ్యం చేప" అని రాస్తున్నాయి. పుట్టింది దక్షిణ అమెరికాలో. ఒళ్ళంతా ఎముక పలకలు, ముళ్ళు. వలలో పడితే వల చిరగాల్సిందే. గట్లకు బొరియలు చేసి గుడ్లు పెడుతుంది. కొనేవాళ్ళు లేరు కాబట్టి పట్టినవాళ్ళకు రూపాయి రాదు. మన కృష్ణలోనూ కొల్లేరులోనూ అది పడుతోంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తూర్పు కనుమల చెరువుల్లో, వాగుల్లో నీటిలో కలిసిన డీఎన్‌ఏను బట్టి అది ఎంత దూరం పాకిందో వెతికారు. ఇదంతా మొదలైంది నాలాంటివాళ్ళ ఇళ్ళ నుంచే. నేను వదిలిన ఒక్క చేప వల్లే ఇదంతా అయిందని అనను. కానీ ఆ ఒక్క చేపకు లెక్క చెప్పాల్సింది మాత్రం నేనే.

ఒక్క తెలుగునేల సంగతే కాదు. 2018 వరదల తర్వాత కేరళ నదుల్లో జాలర్లకు అమెజాన్ చేప అరపైమా దొరికింది. ట్యాంకుల్లోంచో చెరువుల్లోంచో కొట్టుకొచ్చినవే అవన్నీ. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో మొసలి మూతి ఉన్న అలిగేటర్ గార్ దొరికింది. అమెరికా చేప దాల్ సరస్సుకు తనంతట తాను ఈదుకుంటూ రాదు.

"మురికి చెరువులో వేస్తే ఎలాగూ చస్తుందిగా" అని కొందరన్నారు. రాకెట్ జాతి అంత తేలిగ్గా చావదు. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. మన చేపలు తేలిపోయే నీళ్ళలో కూడా బతికి, దొరికిందల్లా తింటుంది. చస్తే మనం దాన్ని చంపినట్టు, బతికితే చెరువు మీద భారం వేసినట్టు. రెండింట్లో ఏదీ పుణ్యం ఎలా అవుతుంది?

పిన్నిగారికి ఇదంతా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "మరి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేంటమ్మా" అన్నారు. అది న్యాయమైన ప్రశ్న. అక్వేరియం షాపుల మీద కేంద్రం 2017లో నిబంధనలు తెచ్చింది, చేపలు అమ్మేవాళ్ళు గగ్గోలు పెట్టాక అదే ఏడాది వెనక్కి తీసుకుంది. ఆ నిబంధనల్లో అతి చేసినవి ఉన్నాయనే అనుకుంటాను. కానీ ప్రతి ట్యాంకు మీదా "ఈ చేప పెద్దయ్యాక ఇంత పొడవవుతుంది" అని ఒక్క చీటీ అంటించడానికి ఎవరికి నష్టం? చీర మీద పొడవు రాస్తారు. మంచం కొంటే గదిలో పడుతుందో లేదో కొలుచుకుని మరీ కొంటాం.

తర్వాత షాపుకు ఫోన్ చేశాను. తీసుకుంటామన్నారు. ఎవరికిస్తారని అడిగితే ఒక కస్టమర్ "షోపీస్" కోసం చూస్తున్నారని, ఆయనది ఐదడుగుల ట్యాంకని చెప్పారు. వద్దన్నాను. చూడటానికి టిక్కెట్టు పెట్టే ఒక పెద్ద అక్వేరియంవాళ్ళను అడిగాను. ఇలాంటివి వారానికి నాలుగు వస్తాయని, చోటు లేదని చెప్పారు. చేపలు పెంచేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడితే గంటలో ఆరుగురు అడిగారు. అందరూ ప్రేమగానే మాట్లాడారు. నేను అందరినీ ఒకటే అడిగాను: "మీ ట్యాంకు వెడల్పెంత?" పొడవు అందరూ గర్వంగా చెప్తారు. వెడల్పు అడిగితే ఆగి, వెళ్ళి కొలుచుకొస్తారు. అందరికంటే పెద్దది రెండడుగుల వెడల్పు. అందులో అప్పటికే ఒక అరవానా, ఒక రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ ఉన్నాయి, రెండూ బాగా పెద్దగా పెరిగే చేపలే. ఆయన వీడియో పంపారు. ఆ రెడ్‌టెయిల్ కూడా రాకెట్ లాగే ఒళ్ళు వంచి మళ్ళుతోంది. ఆయనకది కనిపించడం లేదు. రెండు నెలల క్రితం నాకూ కనిపించలేదు. అలాంటి చోటుకు పంపితే రెండేళ్ళ తర్వాత ఇదే పని ఇంకొకరు చెయ్యాలి, మధ్యలో చేపకు రెండేళ్ళు పోతాయి.

చివరికి ఆకివీడులో మా మావయ్యకు వీడియో కాల్ చేశాను. చేపల చెరువులు చేస్తాడు. ఫోన్ ట్యాంకు వైపు తిప్పగానే, "ఇది షార్కేంటే అమ్మాయ్, ఫంగస్సు కదా!" అన్నాడు. అవును, అదే చేప. కొల్లేరు చుట్టూ చెరువుల్లో టన్నుల కొద్దీ పెంచి, ఐసు పెట్టి, లారీల్లో ఈశాన్య రాష్ట్రాల దాకా పంపే ఫంగస్. సూపర్ మార్కెట్ ఫ్రీజర్లో "బాసా" పేరుతో ముళ్ళు తీసి అమ్మే ముక్కలు ఎక్కువగా దీనివే. మా ఫ్రిజ్‌లో కూడా ఉన్నాయి. మా అబ్బాయికి ఫిష్ ఫింగర్స్ ఇష్టమని నేనే తెస్తాను. ఆ రాత్రి వాడు ఆ ప్యాకెట్ తీసి చాలాసేపు చదివాడు. వాణ్ణి నేనేమీ అనలేదు.

మావయ్య అడిగిన రెండో మాట, "వయసెంత?" ఐదేళ్ళన్నాను. "ఐదేళ్ళకి ఇంతేనా?" అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి లేదు, జాలి ఉంది. చెరువులో అయితే ఏడాది తిరక్కుండా కిలో దాటుతుంది. తినడానికి పెంచేవాడు దాని ఎదుగుదలను చూసి జాలిపడుతున్నాడు, ప్రాణంగా పెంచామనుకున్న మేము ఐదేళ్ళూ గమనించలేదు. ఈ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

తన చెరువులో వెయ్యమంటే మావయ్య ఒప్పుకోలేదు. "బయటి చేపను కల్చర్ చెరువులో వెయ్యనమ్మా. దానికేం రోగముందో మనకేం తెలుసు? లోపల లక్షల రూపాయల సరుకుంది. పైగా ఆరు నెలలకి చేపల పట్టుబడి ఉంటుంది, అప్పుడు వలలో ఇదీ వస్తుంది." రెండో కారణం గురించి మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. నా అభిప్రాయం నేను దాచుకోలేదు. అద్దాల మధ్య పదిహేనేళ్ళు బతకడం కంటే, విశాలమైన నీళ్ళలో తనలాంటి వాటి మధ్య ఆరు నెలలు ఈది, తర్వాత వలలో పడటం ఆ చేపకు మెరుగని నేననుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను. దాన్ని ఎవరూ తినకూడదన్న కోరిక మన కోసం, మన మనశ్శాంతి కోసం. చేపకు కావాల్సింది నీళ్ళు, చోటు, తోడు. మా అబ్బాయి ఒప్పుకోలేదు. "పేరు పెట్టాం కదమ్మా" అన్నాడు. నా దగ్గర దానికి జవాబు లేదు. మా ఇద్దరి మాటల్లో వాడిదే నెగ్గాలని వాళ్ళ నాన్న తేల్చారు.

వారం తర్వాత మావయ్యే ఫోన్ చేశాడు. ఆ పక్క ఊళ్ళో రిటైరైన మాస్టారు ఒకాయన కొబ్బరితోటలో ఇరవై సెంట్ల చెరువు ఉంది. ఆరడుగుల లోతు. అమ్మడానికి కాదు, మనవలు మేత వేసి ఆడుకోవడానికి పది, పన్నెండు పెద్ద ఫంగస్ చేపలు ఉంచుకున్నారు. మాస్టారు నన్ను ప్రశ్నలడిగారు, నేను ఆయన్ను అడిగాను. ఆయన అడిగింది రోగం గురించి. మూడేళ్ళుగా మా ట్యాంకులోకి కొత్త చేప ఏదీ రాలేదని, ఒంటి మీద మచ్చలూ పుళ్ళూ లేవని, ముక్కు మీదిది దెబ్బ అని వీడియోలు పంపాను. నేనడిగింది కాలువ గురించి. చెరువు నీళ్ళు పొంగితే కాలువలోకి పోతాయా? 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు ఆ ప్రాంతం ఎలా అయిందో అందరం చూశాం. ఆ తర్వాత గట్టు రెండడుగులు లేపానని, తూముకు జాలీ వేసి, గట్టు చుట్టూ వల కట్టానని ఆయన ఫొటోలు పంపారు. ఒక మామూలు చేప కోసం ఇద్దరం ఇన్ని మాటలు మాట్లాడుకోవడం నాకు సంతోషంగా అనిపించింది.

శివరాత్రితో చలి శివశివా అంటూ పోతుందంటారు. వెచ్చటి దేశాల చేప కాబట్టి అంతవరకూ ఆగి, తర్వాతి శనివారం రాత్రి బయల్దేరాం. రెండు రోజుల ముందు మేత ఆపేశాం, లేకపోతే దారిలో నీళ్ళు పాడవుతాయి. చేపల వ్యాపారులు ఐసు వేసే పెద్ద మూత పెట్టె మావయ్య పంపాడు. అందులో సగానికి మా ట్యాంకు నీళ్ళే నింపి, బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టాం. వల వాడకూడదు. ఈ చేప పక్క రెక్కలకు, వీపు రెక్కకు గట్టి ముల్లుంటుంది. అది వలలో ఇరుక్కుంటే చేపకూ దెబ్బ, మన చేతికీ దెబ్బ. లైట్లన్నీ ఆపి, నీళ్ళు అడుగు లోతుకు తగ్గించి, మందపాటి ప్లాస్టిక్ పట్టా అడుగు నుంచి తెచ్చి, నీళ్ళతో సహా ఇద్దరం ఎత్తాం. ఒక్కసారి కొట్టుకుంది. తర్వాత ఒరిగి కదలకుండా పడిపోయింది. చచ్చిపోయిందనుకుని మా అబ్బాయి ఏడ్చాడు. బెదిరితే ఇలా స్పృహ తప్పినట్టు పడిపోతాయని అంతకుముందు చదివి ఉన్నా, నా కాళ్ళు వణికాయి. పెట్టెలో రెండు నిమిషాలకు మొప్పలు ఆడాయి. మూత బిగించి తాడు కట్టాం.

విజయవాడ దాటాక ఒకసారి, కైకలూరులో ఒకసారి ఆపి టార్చి నేల వైపు పట్టుకుని చూశాం. పైకొచ్చి గాలి పీల్చి కిందికి పోయింది. తెల్లారేసరికి తోటలో ఉన్నాం. చెరువు నీళ్ళు మగ్గుతో కొంచెం కొంచెంగా ముప్పావుగంట పెట్టెలో పోశాం. మాస్టారు తొందరపెట్టలేదు, కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పెట్టెను నీళ్ళలోకి వంచితే రాకెట్ బయటికి రాలేదు. మా అబ్బాయి మోకాలి లోతు దిగి పెట్టె అడుగు మెల్లగా ఎత్తాడు. అప్పుడు కదిలింది. గట్టు పక్కనే నిలబడిపోయి, నాలుగడుగులు వెళ్ళి మళ్ళుతోంది, మళ్ళీ నాలుగడుగులు వెళ్ళి మళ్ళుతోంది. ముందర ఏ అద్దమూ లేదు. మళ్ళేటప్పుడు ఒళ్ళు వంచుతోంది. అలా ఎంతసేపు చేసిందో నేను లెక్కపెట్టలేదు. మాస్టారి మనవరాలు మేత విసిరింది. చెరువు మధ్యలో నీళ్ళు ఉడికినట్టు లేచాయి. ఆ చప్పుడుకు రాకెట్ ఆగింది. మేం మళ్ళీ చూసేసరికి గట్టు పక్కన లేదు.

ఉగాదికి మావయ్య అటు వెళ్ళి ఫోన్ చేశాడు. మా అబ్బాయి ఫోన్ లాక్కుని, "తాతయ్యా, ముక్కు మీద తెల్లమచ్చ ఉంటుంది, చూడు" అన్నాడు. మావయ్య మేత వేయించి, గట్టు మీద కూర్చుని చాలాసేపు చూశాడు.

"పన్నెండూ పైకొచ్చాయిరా నాన్నా," అన్నాడు. "మచ్చ దేనికీ లేదు."